సీఎంటీ అనుమానం ఉంటే నరాల అల్ట్రాసౌండ్ ఒక్కటే సరిపోతుందా?

మీ 11 ఏళ్ల బాబుకి సీఎంటీ, అంటే చేతులు, కాళ్ల నరాలు దెబ్బతినే చార్కో-మరీ-టూత్ అనే వంశపారంపర్య జబ్బు ఉందేమోనని డాక్టర్ నరాలకి అల్ట్రాసౌండ్ రాశారు, షాక్ ఇచ్చే పరీక్ష అంటే వాడు భయపడుతున్నాడు, ఈ స్కాన్‌తోనే తేలిపోతుందా అని కదా అడిగారు. నాకు అందులో ఒక రకమైన సీఎంటీ1ఏ ఉంది, మా పాపకీ వచ్చింది, ఇద్దరికీ ఈ స్కాన్ చేశారు కాబట్టి చెప్తున్నాను. తప్పకుండా చేయించండి, కానీ మణికట్టు దగ్గర ఒక్కచోట చూసి పంపించేస్తే మాత్రం ఒప్పుకోకండి.

నా మొదటి స్కాన్ అలాగే అయింది. వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయని వెళ్తే మణికట్టు మీద ప్రోబ్ (స్కాన్ చేసే పరికరం) పెట్టి, చేతిలోకి వెళ్లే మీడియన్ నరం 16 చదరపు మిల్లీమీటర్లు ఉంది, కార్పల్ టన్నెల్, అంటే మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోవడం అని రాసిచ్చారు, మాట ఆపరేషన్ దాకా వెళ్లింది. అక్కడ మామూలుగా 10 లోపే ఉంటుంది, కాబట్టి నరం లావెక్కిందన్నది నిజమే. కానీ చిన్నప్పటి నుంచీ నా పాదాలు బాగా వంపు తిరిగి ఉన్నాయనీ, నడుస్తుంటే చెప్పు జారిపోయేదనీ, చీలమండ ఊరికే బెణికేదనీ ఎవరూ అడగలేదు, దానికీ దీనికీ సంబంధం ఉంటుందని తెలియక నేనూ చెప్పలేదు.

తర్వాత చూసిన న్యూరాలజిస్ట్ మణికట్టు నుంచి చంక దాకా ప్రోబ్‌ని మెల్లగా జరుపుకుంటూ వెళ్లారు. ముంజేయి మధ్యలో 19, పైకి వెళ్లేకొద్దీ ఇంకా ఎక్కువ, రెండో చేతిలోనూ దాదాపు అంతే. ఆవిడ తన చేతికి కూడా జెల్ రాసుకుని చూపించారు. ఆవిడ నరం చిన్న తేనెపట్టు ముక్కలా సన్నటి నల్ల చుక్కలతో ఉంది, అదే చోట నాది ద్రాక్షగుత్తిలా పెద్ద పెద్ద నల్ల గుండ్లు. వేళ్లు కదపమంటే పక్కనున్న టెండన్లు (కండరాన్ని ఎముకకి కలిపే తాళ్లు) ముందుకీ వెనక్కీ జారుతున్నాయి, నరం అంతగా కదల్లేదు, ఏది నరమో అలా పోల్చుకుంటారట.

ఈ స్కాన్ విలువంతా ఆ వరసలోనే ఉంది. కార్పల్ టన్నెల్ అయితే మణికట్టు దగ్గర లావుగా ఉండి ముంజేతిలో మామూలుగా ఉంటుంది. సీఎంటీ1ఏలో ఎక్కడ చూసినా, రెండు వైపులా లావే. హెచ్‌ఎన్‌పీపీ అని ఇంకో వంశపారంపర్య జబ్బుంది, అందులో ఎక్కువగా ఒత్తిడి పడే చోట్లే, అంటే మణికట్టు, మోచెయ్యి, మోకాలి కింద బయటి వైపు లావెక్కుతుంది. రోగనిరోధక శక్తే నరాల మీద దాడి చేసే సీఐడీపీలో అయితే ఒకచోట లావు, ఒకచోట మామూలు, ఇలా అతుకులు అతుకులుగా ఉంటుంది. అది వంశపారంపర్యం కాదు, మందులున్న జబ్బు, అందుకే సీఎంటీ, సీఐడీపీ తారుమారు కాకూడదు.

ఇంకో మాట, స్కాన్ మామూలుగా వచ్చినంత మాత్రాన సీఎంటీ లేదని కాదు. సీఎంటీ2 అనే ఇంకో రకంలో నరం లావెక్కకపోవచ్చు. అందుకే షాక్ పరీక్ష అసలు అక్కర్లేదని నేను అనలేను, నరంలో సంకేతం ఎంత వేగంగా వెళ్తుందో చెప్పేది అదే. చేతి నరంలో సెకనుకి 38 మీటర్ల కంటే తగ్గితే సీఎంటీ1 వైపు చూస్తారు. సీఎంటీ1ఏలో అన్ని నరాలూ ఒకేలా నెమ్మదిస్తాయి కాబట్టి, ముందు స్కాన్ చేసి తర్వాత ఒకటి రెండు నరాలకే షాక్ పెడితే చాలదా అని డాక్టర్‌ని అడగండి. మా పాప విషయంలో నా జబ్బు ఏ రకమో డాక్టర్లకి ముందే తెలుసు కాబట్టి స్కాన్, జన్యు పరీక్షతోనే సరిపోయింది. స్కాన్ అవుతున్నంతసేపూ జెల్ చల్లగా ఉందని నవ్వుతూనే ఉంది.

ఖాయం చేసేది జన్యు పరీక్షే. సీఎంటీ1ఏలో 17వ క్రోమోజోమ్ మీద పీఎంపీ22 జన్యువు ఉన్న ముక్క ఒక కాపీ ఎక్కువుంటుంది, దీన్ని 1991లోనే కనిపెట్టారు. మామూలు సీక్వెన్సింగ్‌లో ఈ అదనపు కాపీ దొరక్కపోవచ్చు, జన్యువు కాపీలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టే ఎంఎల్‌పీఏ లాంటి పరీక్ష చేస్తారా అని ముందే కనుక్కోండి.

రిపోర్ట్‌లో పెద్ద అంకె చూసి టెన్షన్ పడకండి. నరం ఎంత లావుంటే జబ్బు అంత ముదిరినట్టు కాదు, మా పాప నరాలు బాగా లావుగానే ఉన్నాయి, పరుగెత్తుతోంది, సైకిల్ తొక్కుతోంది. స్కాన్‌కి వెళ్లినప్పుడు మాత్రం రెండు చేతులూ, మణికట్టు, ముంజెయ్యి, మోచెయ్యి, పై చెయ్యి, ప్రతిచోటా కొలత విడివిడిగా రాయించుకోండి.