కృప చాలు సరే, అప్పులవాళ్ళకేం చెప్పాలి?

ప్రశ్న: "వ్యాపారంలో బాగా నష్టపోయాను. దేవుని కృప మీద ఆధారపడి కొత్తగా మొదలుపెట్టు అని సంఘంలో అందరూ అంటున్నారు. నిజంగా అలా మొదలుపెట్టినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఎలా మొదలుపెట్టారు?"

ఉన్నామండీ. మాది ఒంగోలు దగ్గర పల్లె, తాతల కాలం నుంచి బాప్టిస్టులం. మాకు పోయింది వ్యాపారం కాదు, పొగాకు. పోవడం మాత్రం ఎక్కడైనా ఒకటేలెండి.

ముందు ఒక మాట. "కొత్తగా మొదలుపెట్టు" అనేవాళ్ళంతా పాతదంతా ఎవరో వచ్చి ఊడ్చి పెట్టినట్టు మాట్లాడతారు. అట్టా ఏమీ ఉండదు. బాప్తిస్మం తీసుకుని నీళ్ళలోంచి లేచినా ఒడ్డున వడ్డీవాడు నిలబడే ఉంటాడు. పాపాలు క్షమించబడ్డాయి, ప్రోనోటు అట్నే ఉంది. ఆ ప్రోనోటు చేతిలో పట్టుకునే మొదలుపెట్టాలి. నాకు తెలిసి అందరూ అట్టానే మొదలుపెట్టారు, కాదన్నవాళ్ళు సాక్ష్యంలో, అంటే దేవుడు తమకేం చేశాడో సంఘంలో లేచి చెప్పే మాటలో, సగం మింగేసినట్టు లెక్క.

మా సంఘంలో డిసెంబరు 31 రాత్రి ఆరాధన అయ్యాక పళ్ళెంలో వాగ్దానపు చీటీలు, ఒక్కో దాని మీద ఒక్కో బైబిలు వచనం అచ్చు వేసినవి, పెడతారు, మీ దగ్గర కూడా ఉండే ఉంటుంది. కళ్ళు మూసుకుని ఒకటి తీసుకోవాలి, ఆ ఏడాదంతా అదే మన వాక్యం. 2015 వచ్చిన రాత్రి మా ఆయనకి సామెతల గ్రంథంలోది వచ్చింది, నీ కొట్లు సమృద్ధిగా నిండుతాయని. నిజంగానే నిండాయి. పొగాకుతో నిండాయి, కొనే నాథుడు లేక. ఆ చీటీ మా బీరువా అద్దానికి అతికించి ఉండేది, జూన్‌లో నేనే పీకేశాను. ఒక సంగతి గమనించారా, ఆ చీటీల్లో అన్నీ తియ్యటి వచనాలే ఉంటాయి. లోకంలో మీకు శ్రమ కలుగుతుందని యేసుప్రభువు తన నోటితో చెప్పిన మాట మాత్రం ఏ ప్రెస్సువాడూ చీటీ మీద అచ్చు వేయడు. వేస్తే ఎవరు తీసుకుంటారు?

2015 సంగతి మా జిల్లావాళ్ళకి చెప్పక్కర్లేదు. పంట చేతికొచ్చింది, ధర పడిపోయింది. వేలంలో కంపెనీలవాళ్ళు చెక్కుల, అంటే కట్టిపెట్టిన పొగాకు బేళ్ళ, వరసల మధ్య నడుచుకుంటూ పోవడమే తప్ప రేటు పలికేవాళ్ళు లేరు. ఆ ఏడాది ప్రకాశం జిల్లాలో పొగాకు రైతులు ప్రాణాలు తీసుకున్నారు, పేపర్లలో వచ్చింది. ఆకుని వేడికి ఎండబెట్టే కొట్టాన్ని బ్యారన్ అంటారు, మాది సొంత బ్యారన్ కూడా కాదు, బ్యారన్ కౌలు, పొలం కౌలు, కట్టెలకి అప్పు, కూలీలకి అప్పు, నూటికి రెండు రూపాయల వడ్డీ కొన్ని, మూడు రూపాయలవి కొన్ని. నా గాజులు అప్పటికే బ్యాంకులో ఉన్నాయి.

ఒక శనివారం మా చెక్కులు వేలానికి వెళ్ళాయి. సాయంత్రం ట్రాక్టరు తిరిగొచ్చిన శబ్దం విని బయటికొచ్చి చూస్తే ట్రాలీ నిండుగానే ఉంది. నో బిడ్, అంటే ఎవరూ పాట పాడలేదు. మా ఆయన దిగి, చెక్కులన్నీ చావట్లో దించి, అన్నం వద్దని గోడకి ఆనుకుని కూర్చున్నాడు. మామూలుగా అయితే బయ్యర్లని తిడతాడు, పొగాకు బోర్డుని తిడతాడు, చివరికి నన్ను తిడతాడు. ఆ రోజు ఎవర్నీ ఏమీ అనలేదు. నాకు భయం వేసింది అక్కడే. మా మరిదిని పంపి అయ్యగారిని పిలిపించాను.

అయ్యగారు అంటే మా పాస్టరుగారు. రేపు ఆదివారం కదా, ప్రసంగం చూసుకుంటూ ఉన్నట్టున్నారు, తెల్ల చొక్కాతోనే మోపెడ్ మీద వచ్చారు. ప్రార్థన చేసి నాలుగు మాటలు చెప్పి వెళ్తారనుకున్నా. ఆయన చావట్లోకి వచ్చి చెక్కుల చుట్టూ ఒకసారి తిరిగి, "ఒక చెక్కు విప్పు అబ్బయ్యా, ఆకు చూద్దాం" అన్నారు.

"ఏంది అయ్యగారూ ఇంకా చూసేది" అన్నాడు మా ఆయన.

"విప్పవయ్యా."

విప్పాడు. ఆయన వాచీ తీసి జేబులో వేసుకుని, తువ్వాలు ముక్కుకి కట్టుకుని, గోనెపట్టా మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. వాళ్ళమ్మ గ్రేడింగుకి, అంటే ఆకుని రకాలుగా విడదీసే కూలీకి, వెళ్ళేదట, చిన్నప్పుడు ఆవిడ పక్కన కూర్చుని ఆకు విడదీశాడట, అది ఆ రాత్రే తెలిసింది నాకు. ఒక్కో ఆకు కాడ పట్టుకుని దీపం వైపు ఎత్తి చూడటం, బొటనవేలితో ఈనె దగ్గర రుద్దటం, మచ్చ ఉంటే ఎడమ పక్కకి, నిమ్మపండు రంగుదైతే కుడి పక్కకి. "మంచాకులో మచ్చాకు కలిసింది అబ్బయ్యా, పైన రెండు వరసలు చూసి వాడు చెక్కు మొత్తానికీ వెనక్కి కొట్టాడు" అన్నారు. ఇందులో నీతి వెతక్కండి, యేసుప్రభువు ఉపమానంలోలా గోధుమలూ గురుగులూ ఏమీ లేవు, ఆయన నిజంగా ఆకు గురించే మాట్లాడాడు. కాసేపటికి మా ఆయన కూడా వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. నేను, మా అత్త, మా మరిది. అర్ధరాత్రి దాటాక ఘాటుకి అందరం తుమ్ములే. అయ్యగారు తుమ్మినప్పుడల్లా మా అత్త "ప్రభువా" అనేది. ఒకసారి మా ఆయన నవ్వాడు. ఎన్నాళ్ళకి నవ్వాడో.

కోడి కూసే వేళకి ఆయన లేచి చేతులు కడుక్కుని ప్రార్థన చేశారు, రెండు ముక్కల్లో అయిపోయింది. వెళ్తూ వెళ్తూ, "పురుగుమందు డబ్బాలు ఏమైనా మిగిలాయా అబ్బయ్యా, మా పెరట్లో చెట్టుకి పట్టింది" అని, చూరులో ఉన్నవి, వసారాలో ఉన్నవి అన్నీ అడిగి సంచిలో వేసుకుని మోపెడ్‌కి తగిలించుకుని పోయారు. వాళ్ళ పెరట్లో మునగచెట్టు కూడా లేదండీ. సిమెంటు చేసిన పెరడు అది.

ఆ పొద్దున ఆరాధనలో ఆయన దేని మీద ప్రసంగించారో నాకు గుర్తులేదు, నేను నిద్రపోయాను. కృప అంటే ఏంటని ఎవరైనా అడిగితే మాత్రం నాకు ఆ సంచీ కనబడుతుంది.

చెక్కులు మళ్ళీ కట్టి తీసుకెళ్తే అమ్ముడుపోయాయి. మంచి ధరకా అంటే కాదు. పెట్టుబడిలో సగం కూడా రాలేదు. దేవుడు అద్భుతం చేశాడని నేను సాక్ష్యం చెప్పలేదు, చెప్పమన్నారు కానీ లేవలేదు.

అన్నట్టు పొగాకు పాపం అని మాకు ప్రసంగాలు చెప్పిన బోధకులు చాలామందే ఉన్నారు. ఉజ్జీవ సభలకి ఎక్కడినుంచో కారులో వస్తారు, స్టేజీ ఎక్కి చుట్ట మానండి, బీడీ మానండి అంటారు, మంచిదే. ఎదురుగా కూర్చున్న ఆడవాళ్ళలో సగం మంది గ్రేడింగు కూలీకి పోయి వచ్చినవాళ్ళు, కానుక పళ్ళెంలో పడే నోటుకి కూడా ఆకు వాసనే. ఆ నోటు మాత్రం ఎవరూ వెనక్కి ఇవ్వలేదు. సరే, అది వేరే గొడవ.

కొత్త మొదలు అనేసరికి మా ప్రాంతంవాళ్ళకి క్లౌ దొర, అమెరికా నుంచి వచ్చిన బాప్టిస్టు మిషనరీ, గుర్తొస్తాడు. గుర్తు రావాలి కూడా. ఒంగోలులో ప్రార్థన కొండ ఉంది కదా, 1854 జనవరి 1న తెల్లవారకముందే ఆయనకి ముందు వచ్చిన మిషనరీ జ్యూయెట్ దొర, జ్యూయెట్ భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు దాని మీదికెక్కి ఒంగోలుకి ఒక మిషనరీని పంపమని ప్రార్థన చేశారు. క్లౌ దొర ఒంగోలు వచ్చింది 1866లో. పన్నెండేళ్ళు! మన చీటీకేమో డిసెంబరుతో గడువు తీరిపోతుంది.

తరవాత 1876 నుంచి 78 దాకా పెద్ద కరువు. అప్పుడు బకింగ్‌హామ్ కాలవ తవ్వుతున్నారు, అందులో మూడున్నర మైళ్ళు క్లౌ దొర కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి ఇప్పించాడు. నాకు నచ్చే సంగతి వేరే ఉంది. ఆ కరువు రోజుల్లో, గంజి కోసం మతం పుచ్చుకున్నారనే మాట రాకూడదని, ఏడాదికి పైగా ఆయన ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. కరువు పని, సాయం ఆపేశాక, ఇక మా దగ్గర ఇవ్వడానికి ఏమీ లేదని చెప్పాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది. బోధకులు ఇద్దరిద్దరు చొప్పున మారుతూ నీళ్ళలో నిలబడ్డారట.

మనవాళ్ళు ఆ 2,222 అంకె చెప్పి చప్పట్లు కొట్టించి ఆపేస్తారు. నేను ఆలోచించేది మర్నాటి గురించి. 4వ తేదీ పొద్దున వాళ్ళు ఎక్కడికి పోయి ఉంటారు? అదే పాలెం, అదే గుడిసె, కరువులో గొడ్లు పోయిన పాక, అదే ఆసామి దగ్గర పని. తడి బట్టలు ఆరేసరికి ఏమీ మారి ఉండదు. అయినా వెనక్కి పోలేదు, వాళ్ళ మునిమనవళ్ళమే ఇవాళ ఇక్కడ కూర్చుని టైపు చేస్తున్నాం. నన్నడిగితే మన జిల్లాలో కృపను నమ్మడం అంటే 3వ తేదీ కన్నా 4వ తేదీయే ఎక్కువ.

మా 4వ తేదీ సంగతి చెప్తాను, పెద్ద విశేషం లేదు. కౌలు వదిలేశాం. మా ఆయన చీమకుర్తిలో గ్రానైటు పాలిషింగు యూనిట్‌లో చేరాడు. సొంతంగా రైతు అనిపించుకున్న మనిషి టిఫిన్ క్యారేజీ పట్టుకుని షేర్ ఆటో ఎక్కడం, ఊళ్ళోవాళ్ళు చూడటం, అది అప్పు కన్నా కష్టం అయింది ఆయనకి. నేను ఒంగోలులో రోడ్డు పక్కన ఇడ్లీ, కారం దోసె బండి పెట్టాను. మొదట్లో పిండి ఎంత రుబ్బాలో తెలిసేది కాదు, మిగిలిందని ఫ్రిజ్ లేక అట్టానే ఉంచితే మర్నాటికి పులిసి మూత లేచిపోయేది. నిర్గమకాండంలో దేవుడు ఆకాశం నుంచి కురిపించిన ఆహారం, మన్నా, కూడా రేపటికని దాచుకుంటే పురుగు పట్టింది చూడండి, ఆ అధ్యాయం నాకు ఆ గిన్నె ముందు నిలబడితే అర్థమైంది. ఏ రోజుకి ఆ రోజు సరిపోయింది. మిగలలేదు, లోటూ పడలేదు. లోటు పడ్డ రోజులు ఉన్నాయి, అబద్ధం ఎందుకు, ఆ రోజు పక్క బండి ఆవిడ, ముస్లిం ఆవిడ, శనగపప్పు అప్పిచ్చేది. కృప మన చర్చి సభ్యుల జాబితా చూసి రాదు.

ఇక మీరు అడిగిన "ఎలా". అప్పులవాళ్ళ దగ్గరికి మీరే వెళ్ళండి, వాళ్ళు మీ ఇంటికి రాకముందే. ఫోను ఎత్తకపోతే వాడికి అనుమానం పెరుగుతుంది, ఎదురుగా వెళ్ళి కూర్చుంటే సగం కోపం తగ్గుతుంది. వడ్డీ ఆపమని, అసలు కొంచెం కొంచెం కడతానని అడగండి. ఇద్దరు ఒప్పుకుంటారు, ఒకడు తిడతాడు, తిట్టించుకోండి. మా అయ్యగారు మా ఆయనతో పాటు వచ్చి తిట్లు తిన్నారు, మీ సంఘంలో పెద్దమనిషి ఎవరైనా ఉంటే వెంట తీసుకెళ్ళండి. పాత అప్పు తీర్చడానికి కొత్త అప్పు చేయొద్దు, ముఖ్యంగా ఫోన్ యాప్‌లలో. టీవీలో ఎవరో విత్తన కానుక పంపితే నూరంతలు వస్తుందని చెబుతాడు, వాడికి ఒక్క రూపాయి పంపొద్దు. వాడి విత్తనం మొలిచేది వాడి పొలంలోనే.

మీ మాటల్లో నాకు తెలియని బరువేదైనా ఉంటే, రాత్రిళ్ళు పిచ్చి ఆలోచనలు వస్తుంటే, 14416కి ఫోన్ చేయండి, ప్రభుత్వానిది, డబ్బులు అక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. అది విశ్వాసం తక్కువై చేసే పని ఏమీ కాదు. ఏలీయా అంతటి ప్రవక్త బదరీచెట్టు కింద కూర్చుని నన్ను చంపెయ్ ప్రభువా అంటే, దేవుడు ముందు రొట్టె పెట్టి నిద్రపోనిచ్చాడు, ప్రసంగం తరవాత.

ఎవరైనా "నువ్వు ఏదో పాపం చేసి ఉంటావు, అందుకే నష్టం" అంటే, యోబుతో అదే మాట అన్న అతని స్నేహితుల మీద చివర్లో దేవుడికి ఎంత కోపం వచ్చిందో బైబిల్లో చదువుకోమనండి. మా ఇంటికీ వచ్చారు అట్టాంటివాళ్ళు, టీ తాగి మరీ చెప్పారు.

కొన్నాళ్ళకి మీరు నిలదొక్కుకుంటారు, అది నేను గట్టిగా చెప్తున్నా. అప్పుడు సాక్ష్యం చెప్పమని మైకు ఇస్తారు. వడ్డీ ఎంత కట్టారో, ఎవరు తిట్టారో, బ్యాంకులో గాజులు విడిపించారో వేలానికి పోయాయో, అదంతా కూడా చెప్పండి. వెనక వరసలో కూర్చున్నవాళ్ళకి పనికొస్తుంది. నావి వేలానికే పోయాయి.