ఆసుపత్రిలో వాలంటీరుగా: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలలో ఆసుపత్రులలో స్వచ్ఛంద సేవ గురించినవి ఎక్కువగా ఉన్నాయి. రోగులకూ, వారిని చూడడానికి వచ్చేవారికీ సాయంగా ఉండాలనుకొనేవారు కొందరు, ఇప్పటికే ఆ పనిలో ఉండి సందేహాలు వచ్చినవారు కొందరు రాశారు. ఒకే విషయం అడిగిన ఉత్తరాలను కలిపి ఇక్కడ జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: ఉద్యోగ విరమణ చేశాను. ఇంటికి దగ్గరలోని ఆసుపత్రిలో వారానికి రెండు పూటలు సేవ చేయాలని ఉంది. అయితే నాకు వైద్యం గురించి ఏమీ తెలియదు. 'అక్కడ నువ్వు అడ్డం తప్ప చేసేదేముంది' అని ఇంట్లో నవ్వుతున్నారు. నాలాంటివారికి నిజంగా అక్కడ పని ఉంటుందా?

జవాబు: తప్పకుండా ఉంటుందమ్మా. వాలంటీరు చేయవలసిన పనులలో వైద్యం అసలు లేదు కనుక అది తెలియకపోవడం మీకు లోటు కాదు. ఆసుపత్రిలో మందులకు ఒకరు, పరికరాలకు ఒకరు, లెక్కలకు ఒకరు బాధ్యులుగా ఉంటారు గాని, రోగి పక్కన తీరికగా కూర్చోవడమనేది ఎవరి డ్యూటీలోనూ రాసి ఉండదు. నర్సులకు మనసు లేక కాదు, సమయం లేక. ఆ సమయమే మీరు ఇవ్వగలిగినది.

ముందుగా దారి చూపే పని సంగతి చెబుతాను, ఎందుకంటే అది చాలామంది చిన్నచూపు చూసే పని. రక్తపరీక్ష ఒక అంతస్తులో, స్కానింగ్ వేరే భవనంలో, బిల్లు కట్టే కౌంటరు ఇంకొక చోట ఉంటాయి. చీటీ చేత పట్టుకొని, గోడమీది బాణం గుర్తును చదివినదే మళ్లీ చదువుతూ నిలబడిన మనిషికి 'నేరుగా వెళ్లి ఎడమవైపు తిరగండి' అని చెబితే తల ఊపుతారు, నాలుగు అడుగులు వేసి మళ్లీ ఆగిపోతారు. ఆందోళనలో ఉన్నప్పుడు చెవిన పడిన మాట మనసులో నిలవదు. వారితో ఆ గది తలుపు దాకా నడిచి, 'ఇక్కడ చీటీ ఇచ్చి, పేరు పిలిచేదాకా ఈ కుర్చీలలో కూర్చోండి' అని చెప్పి రావడమే దారి చూపడం. చూపు లేనివారైతే మీరు వారి చేయి పట్టుకొని లాగకూడదు; మీ మోచేతిని వారికి అందించి, అర అడుగు ముందు నడుస్తూ, మెట్టు వస్తే ముందే చెప్పాలి. వినికిడి తక్కువైనవారితో అరవడం కంటే, ముఖానికి ఎదురుగా నిలబడి, పెదవులు కనిపించేలా నిదానంగా మాట్లాడడం మేలు.

ఇక పడక పక్కన కూర్చోవడం గురించి. ఇది కాలక్షేపమని మీ ఇంట్లోవారు అనుకుంటూ ఉండవచ్చు. ఆసుపత్రిలో చేరిన వృద్ధులకు ఉన్నట్టుండి తాము ఎక్కడున్నదీ, ఏ పూట అన్నదీ తెలియని గందరగోళ స్థితి కలుగుతూ ఉంటుంది. వైద్యులు దానిని డెలీరియం అంటారు. దీనిని ముందే నివారించడానికి అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో షారన్ ఇనోయే అనే వైద్యురాలు ఒక కార్యక్రమాన్ని రూపొందించారు. నర్సులు, ఇతర నిపుణులతోపాటు శిక్షణ పొందిన వాలంటీర్లు కూడా అందులో పనిచేశారు. వారు చేసినదల్లా తేదీ, వారం గుర్తుచేస్తూ కబుర్లు చెప్పడం, కళ్లజోడూ వినికిడి యంత్రమూ చేతికి అందించడం, నర్సు అనుమతితో కొద్దిగా నడిపించడం, రాత్రి నిద్ర మాత్రకు బదులు వెచ్చని పానీయం ఇచ్చి గదిలో సందడి తగ్గించడం వంటివే. 70 ఏళ్లు, అంతకు పైబడిన 852 మంది రోగులపై జరిగిన ఆ అధ్యయనం 1999లో వెలువడింది. మామూలు సంరక్షణ పొందినవారిలో 15 శాతం మందికి డెలీరియం రాగా, ఈ కార్యక్రమంలో ఉన్నవారిలో అది 9.9 శాతానికి తగ్గింది. కళ్లజోడు ఎక్కడ పెట్టారో వెతికి ఇవ్వడం కూడా చికిత్సలో భాగమేనని మీ ఇంట్లోవారికి ధైర్యంగా చెప్పవచ్చు.

చేరే పద్ధతి విషయానికి వస్తే, వార్డులోకి నేరుగా వెళ్లి 'సాయం చేస్తాను' అనకండి. ఆసుపత్రి పరిపాలన కార్యాలయంలోగాని, వాలంటీర్ల సమన్వయకర్త ఉంటే వారి వద్దగాని అడగండి. చాలా ఆసుపత్రులు గుర్తింపు పత్రాలూ, పరిచయస్తుల హామీ, టీకాల వివరాలూ అడుగుతాయి. హెపటైటిస్ బి టీకా సాధారణంగా ఆరు నెలల వ్యవధిలో మూడు మోతాదులుగా వేస్తారు కనుక ఆ సంగతి ముందే తెలుసుకోవడం మంచిది. శిక్షణ ఇవ్వకుండా, బ్యాడ్జీ ఇవ్వకుండా మొదటి రోజే వార్డులోకి పంపే చోట కాస్త ఆలోచించండి. ఇంకొక మాట: వారానికి రెండు పూటలన్నారు గదా, ఒక పూటతోనే మొదలుపెట్టండి. ఉత్సాహంగా వచ్చి నెలకే మానేసేవారికంటే, తక్కువ గంటలైనా చెప్పిన పూటకు వచ్చేవారినే ఏ వార్డయినా కోరుకుంటుంది.

ప్రశ్న: కొద్ది వారాలుగా ఒక వార్డులో వాలంటీరుగా ఉన్నాను. ఒక పెద్దాయన దాహమంటే నీళ్లు ఇవ్వబోతే నర్సుగారు గట్టిగా మందలించారు. మరొక రోగి కుమారుడు స్కానింగ్ రిపోర్టు చూపించి 'ఇందులో ఏముందో చెప్పండి' అని బతిమాలితే ఫోన్‌లో వెతికి నాకు తోచింది చెప్పాను. చేసింది తప్పా? ఎక్కడ ఆగాలో తెలియడం లేదు.

జవాబు: మందలింపు మనసుకు కష్టంగా ఉన్నా, నర్సుగారిది న్యాయమే. ఆపరేషన్‌కు సిద్ధం చేస్తున్న రోగికి మత్తు ఇచ్చినప్పుడు కడుపులోనిది ఊపిరితిత్తుల్లోకి వెళ్లే ప్రమాదం ఉంటుంది కాబట్టి, ఘనాహారం సాధారణంగా ఆరు గంటల ముందు, నీళ్లు రెండు గంటల ముందు ఆపేస్తారు. పక్షవాతం వచ్చినవారికి మింగే శక్తి దెబ్బతిని ఉండవచ్చు; అలాంటివారికి గుక్కెడు నీళ్లు కూడా పొలమారి న్యుమోనియాకు దారితీస్తాయి. గుండె, మూత్రపిండాల జబ్బులు ఉన్నవారిలో కొందరికి రోజుకు ఇంత ద్రవమేనని కొలత ఉంటుంది. ఈ సంగతులేవీ మంచం మీది మనిషి ముఖం చూస్తే తెలియవు. అందువల్ల అడిగింది నీళ్లయినా, దిండు ఎత్తు పెంచమనడమైనా, 'నర్సుగారిని అడిగి వస్తాను' అని చెప్పి, నిజంగానే వెళ్లి అడిగి, తిరిగి వచ్చి జవాబు చెప్పాలి. తిరిగి రావడం చాలామంది మరచిపోతారు. రోగి మాత్రం తలుపు వైపే చూస్తూ ఉంటాడు.

మంచం దిగుతానన్నవారి విషయంలోనూ ఇదే జాగ్రత్త కావాలి. చాలాసేపు పడుకొని లేచినప్పుడు రక్తపోటు పడిపోయి కళ్లు తిరుగుతాయి. మీరు ఒక్కరే ఉండి లేపబోతే ఇద్దరూ పడతారు. వీల్‌చైర్ నెట్టే పని అప్పగిస్తే, రోగి కూర్చొనేటప్పుడూ లేచేటప్పుడూ రెండు చక్రాల బ్రేకులూ వేసి ఉన్నాయో లేదో, కాళ్లు పెట్టుకొనే పలకలు పైకి మడిచి ఉన్నాయో లేదో చూసుకోవాలి. నిటారు వాలు దిగవలసి వస్తే మీరు వెనక్కి నడుస్తూ, కుర్చీ బరువు మీ మీద ఆనేలా దించాలి. మూత్రపు సంచి ఉంటే దానిని రోగి ఒడిలో పెట్టకూడదు, మూత్రాశయం కంటే కిందనే వేలాడాలి; పైకెత్తితే మూత్రం వెనక్కి పోయి ఇన్ఫెక్షన్ తెస్తుంది.

చేతుల శుభ్రత గురించి మీరు అడగలేదు గాని చెప్పక తప్పదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం శానిటైజర్ అయితే 20 నుంచి 30 సెకన్లు, సబ్బూ నీళ్లూ అయితే మొత్తం 40 నుంచి 60 సెకన్లు పట్టాలి. రోగిని ముట్టుకోలేదు కదా అని ఊరుకోవడానికి లేదు. మంచం కమ్మీ, బల్ల, దుప్పటి ముట్టుకున్నా లెక్కే. మీకే జలుబో జ్వరమో ఉన్న రోజున ఫోన్ చేసి మానేయడం ఆ పూటకు మీరు చేసే సేవ.

రిపోర్టు సంగతిలో మాత్రం మీరు గీత దాటారు. వైద్యుడు రోగిని పరీక్షించిన వివరాలతో, పాత రిపోర్టులతో కలిపి చదివితేనే ఆ కాగితానికి అర్థం ఉంటుంది. పైగా అందులోని విషయం రోగికి ఇంకా చెప్పకపోయి ఉండవచ్చు. అలాగని 'నాకు తెలియదు' అని చేతులు దులుపుకోనక్కరలేదు. ఒక కాగితం తీసుకొని, డాక్టరు రౌండ్స్‌కు వచ్చినప్పుడు అడగవలసిన ప్రశ్నలను ఆ కుమారుడి చేతనే వరుసగా రాయించండి: జబ్బు ఏమిటి, తరువాతి పరీక్ష ఎప్పుడు, ఇంటికి వెళ్లాక ఏ లక్షణం కనిపిస్తే వెంటనే తిరిగి రావాలి. వైద్యుని ముందు నిలబడగానే అడగాలనుకున్నవన్నీ మరచిపోయేవారికి ఆ కాగితం ఎంతో అక్కరకొస్తుంది. విన్న విషయాలను లిఫ్టులోనూ, క్యాంటీన్‌లోనూ, ఇంటి వాట్సాప్ గ్రూపులోనూ మాట్లాడకూడదని వేరే చెప్పనక్కరలేదనుకుంటాను. తెలిసినవారు పక్క వార్డులో కనిపించినా ఆ సంగతి మీ ఇంటికి చేరకూడదు.

ప్రశ్న: మా అబ్బాయికి 16 ఏళ్లు. వైద్య కళాశాల దరఖాస్తుకు పనికొస్తుందని ఆసుపత్రిలో వాలంటీరు సర్టిఫికెట్ కోసం పంపుదామనుకుంటున్నాం. మంచిదేనా?

జవాబు: వయసు నిబంధన ఒక్కో ఆసుపత్రిలో ఒక్కో విధంగా ఉంటుంది, తల్లిదండ్రుల అనుమతి పత్రంతో తీసుకొనేవీ ఉన్నాయి, 18 నిండనిదే తీసుకోనివీ ఉన్నాయి. సర్టిఫికెట్ కోసం రావడం నేరమేమీ కాదు, అలా వచ్చి మంచి వాలంటీర్లయినవారూ ఉంటారు. అయితే ఎన్ని నెలలు వస్తాడో ముందే నిజం చెప్పించండి, అక్కడ ఫోటోలు తీయకూడదని గట్టిగా చెప్పండి, ఇష్టం లేకపోతే మాత్రం పంపకండి. బలవంతాన వచ్చిన పిల్లవాడిని రోగులు రెండు నిమిషాల్లో కనిపెడతారు.

ప్రశ్న: ఐసీయూ బయట కూర్చున్నవారి దగ్గర నా డ్యూటీ. వారితో ఏం మాట్లాడాలో తోచదు. 'అంతా మంచే జరుగుతుంది' అంటే కొందరు కోపగించుకున్నారు. నేను రోజూ పలకరించే ఒకావిడ భర్త పోయిన తరువాత నాకు నిద్ర పట్టడం లేదు.

జవాబు: అంతా మంచే జరుగుతుందన్న మాట ఓదార్పుగా పుట్టినా, వినేవారికి అది వారి భయాన్ని కొట్టిపారేసినట్టు తగులుతుంది. పైగా ఆ హామీ ఇచ్చే అధికారం మనకు లేదు. 'మీలాంటివాళ్లు ఎంతోమంది కోలుకున్నారు', 'నాకూ ఇలాగే జరిగింది' అన్నవీ ఆ కోవలోనివే. ఏం మాట్లాడాలని వెతుక్కొనే బదులు ఏం అడగాలో చూడండి. 'ఎప్పటినుంచి ఇక్కడ ఉన్నారు?', 'ఇవాళ ఏమైనా తిన్నారా?', 'లోపలి నుంచి కబురు చివరిసారి ఎప్పుడు వచ్చింది?' అన్న ప్రశ్నలకు జవాబు చెబుతూనే చాలామంది తమ మనసులోని భారాన్ని చెప్పుకుంటారు. కబురు రాక గంటలు గడిచిపోయి ఉంటే, మీరు లోపలి నర్సుగారికి 'ఫలానావారి బంధువులు ఎదురుచూస్తున్నారు' అని తెలియజేయవచ్చు. స్థితి ఎలా ఉందో మీరు మోసుకురాకూడదు, చెప్పవలసినవారిని బయటికి పిలవడమే మీ వంతు. మాట్లాడడం ఇష్టం లేనివారు ఉంటారు. 'అక్కడ ఉంటాను, ఏదైనా కావాలంటే పిలవండి' అని చెప్పి పక్కకు తప్పుకోవడం కూడా పనే.

మీ నిద్ర సంగతి మీరు తేలికగా రాశారు గాని నాకు తేలికగా కనిపించలేదు. ఈ విషయం సమన్వయకర్తకు చెప్పండి. ఐసీయూ దగ్గర డ్యూటీ చేసినవారిని కొంతకాలం ఓపీలోకో, సమాచార కేంద్రానికో మార్చడం తప్పు కాదు, చేతకానితనమూ కాదు. రోజంతా చావుబతుకుల మధ్య ఉండే నర్సులకు మాట్లాడుకోవడానికి తోటివారు ఉంటారు, వాలంటీరు మాత్రం డ్యూటీ దిగి ఒంటరిగా ఇంటికి పోతాడు. రోగి పేరు చెప్పకుండా మీ మనసులోని సంగతి తోటి వాలంటీర్లతో పంచుకోండి. రెండు మూడు వారాలు గడిచినా నిద్ర కుదుటపడకపోతే మానసిక వైద్యులను కలవండి.

ప్రశ్న: రోగి తాలూకు మనిషి మందులకు డబ్బు తక్కువైందని అప్పు అడిగారు. ఇవ్వవచ్చా?

జవాబు: ఇవ్వకండి, తీసుకోకండి. ఒకరికి ఇచ్చి పక్క మంచంవారికి లేదంటే వార్డు వార్డంతా మీ మీద చిన్నబుచ్చుకుంటుంది, మీరు కనిపిస్తే అప్పు తీర్చలేనివారు ముఖం చాటేస్తారు. అడిగినవారిని ఉత్త చేతులతో పంపనక్కరలేదు. ఆసుపత్రిలో సామాజిక కార్యకర్తగాని, ఆర్థిక సహాయం చూసే విభాగంగాని ఉంటే అక్కడికి మీరే వెంట తీసుకువెళ్లి, ఏయే కాగితాలు కావాలో ఒక చీటీపై రాయించి వారి చేతికి ఇప్పించండి.