చిన్నీ, ఆ సినిమా వేసే ముందు ఇది ఒకసారి చదువు

చిన్నీ,

మీ అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో నెలకో సినిమా వేద్దామని మొదలుపెట్టావట, మొదటిది డ్రైవ్ అనే హాలీవుడ్ సినిమా అట, మీ అమ్మ చెప్పింది. నాకెంత సంతోషమైందో చెప్పలేను. ఇన్నేళ్ళు సారథి స్టూడియోస్ ప్రివ్యూ థియేటర్‌లో ఫిల్మ్ క్లబ్ షోలకి తిరిగి, తర్వాత కాలనీల్లో కాలేజీల్లో నేనే దగ్గరుండి షోలు వేసినదాన్ని కదా, మన ఇంట్లో ఇంకొకళ్ళకి ఆ పిచ్చి పట్టిందంటే అంతకంటే ఏం కావాలి. కానీ నువ్వు గ్రూప్‌లో పెట్టిన మెసేజ్ మీ అమ్మ నాకు ఫార్వర్డ్ చేసింది. మైండ్ బ్లాక్ అయ్యే కార్ ఛేజింగులు, నాన్‌స్టాప్ యాక్షన్ అని రాశావు. అది ఇవాళే తీసెయ్యమ్మా.

ఎందుకంటే ఆ సినిమాకి సరిగ్గా ఇదే గొడవ ముందే జరిగింది. 2011లో రిలీజైనప్పుడు కాన్స్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో బెస్ట్ డైరెక్టర్ అవార్డు నికోలస్ వైండింగ్ రెఫ్న్‌కి ఇచ్చారు, అమెరికా క్రిటిక్స్ చాలామంది నెత్తిన పెట్టుకున్నారు, కానీ మొదటిరోజు థియేటర్ల దగ్గర మామూలు ప్రేక్షకుల్ని అడిగి గ్రేడ్ ఇచ్చే సినిమాస్కోర్ అని ఒకటుంది చూడు, అక్కడ మాత్రం సీ మైనస్ వచ్చింది, ఆ లెక్కలో అది చాలా తక్కువ. మిషిగన్‌లో ఒకావిడైతే ట్రైలర్ చూసి ఫాస్ట్ అండ్ ఫ్యూరియస్ లాంటిది అనుకుని వచ్చాను, ఇందులో కార్లు నడిపేదే తక్కువ అని ఏకంగా డిస్ట్రిబ్యూటర్ మీద కేసు వేసింది. కేసు నిలబడలేదనుకో. కానీ ఆవిడ కోపం నాకు అర్థమైంది. ట్రైలర్ ఒకటి చెప్పింది, సినిమా ఇంకోటి చూపించింది, మధ్యలో టికెట్ డబ్బులు ఆవిడవి. మనవాళ్ళు కూడా అంతే కదా, ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో మార్నింగ్ షో చూసి బయటికొచ్చి ల్యాగ్ అన్నారంటే సగంసార్లు ఆ మాట సినిమా గురించి కాదు, ఏ సినిమా అనుకుని లోపలికి వెళ్ళారో దాని గురించి.

అందుకని మెసేజ్‌లో ఉన్నది ఉన్నట్టు రాయి. పగలు సినిమాల్లో స్టంట్ డ్రైవరు, మెకానిక్ కూడా, రాత్రుళ్ళు దొంగలకి కారు నడుపుతాడు, పెద్దగా మాట్లాడడు, పక్క ఫ్లాట్ అమ్మాయిని ఇష్టపడతాడు, ఆ అమ్మాయి భర్త జైలు నుంచి వస్తాడు, అక్కడినుంచి అంతా చెడిపోతుంది. సగం సినిమా నెమ్మదిగా ఉంటుంది, మిగతా సగంలో రక్తం ఉంటుంది. పిల్లల్ని తీసుకురావద్దు, అమెరికాలో దానికి ఆర్ రేటింగ్ ఇచ్చారు అని కూడా రాయి. ఇంత చెప్తే ఎవరొస్తారు పెద్దమ్మా అంటావేమో. తక్కువమందే వస్తారు, రానీ. పన్నెండుమంది తెలిసి వచ్చి కూర్చుంటే చాలు, నలభైమంది వచ్చి ఇరవై నిమిషాలకి ఫోన్లు తీస్తే ఆ వెలుగుకి మిగతావాళ్ళ సినిమా కూడా పోతుంది. ఇంకో విషయం, డిస్క్ కొన్నా, ఓటీటీలో ఉన్నా, అది ఇంట్లో చూసుకోవడానికే, ఇంతమందికి వేయాలంటే పర్మిషన్ తీసుకోవాలి, ఆ పని ముందే చూసుకో.

మొదలు గురించి చెప్తా, నాకు బాగా ఇష్టమైన భాగం. టైటిల్స్ పడకముందే పది నిమిషాల సీన్ ఉంటుంది గుర్తుందా. స్టీరింగ్‌కి వాచీ కట్టుకుంటాడు, దొంగలకి అయిదు నిమిషాలే టైమిస్తాడు, ఒక చెవి పోలీసుల వైర్‌లెస్ మాటలు వినిపించే స్కానర్ మీద, ఇంకో చెవి రేడియోలో బాస్కెట్‌బాల్ కామెంటరీ మీద. కారు కూడా ఎవరూ రెండోసారి చూడని మామూలు వెండి రంగు ఇంపాలా. గంటకి రెండొందల స్పీడులో పోవడం ఏం లేదు, లైట్లు ఆర్పేసి వంతెన కింద ఆగుతాడు, సిగ్నల్ దగ్గర ఎదురుగా పోలీస్ కారు ఉంటే కదలకుండా కూర్చుంటాడు. మ్యాచ్ ఎందుకు వింటున్నాడో చివరివరకూ చెప్పడు. చివర్లో స్టేడియం పార్కింగ్‌లోకి కారు తోలి, టోపీ పెట్టుకుని, అప్పుడే మ్యాచ్ అయిపోయి బయటికొస్తున్న జనంలో కలిసిపోతాడు. ఉప్పల్లో మ్యాచ్ అయ్యాక గేట్ల దగ్గర జనం ఎలా తోసుకొస్తారో చూశావుగా, అందులో ఒక మనిషిని పట్టుకోమంటే ఎవరి వల్లవుతుంది, అంతే. ఈ ముక్క నువ్వు ముందు చెప్పేశావనుకో అంతా పోయింది. జనం సొంతంగా కనిపెట్టి పక్కవాళ్ళని మోచేత్తో పొడిచి "అందుకా విన్నాడు" అని గుసగుసలాడాలి. ఆ ఒక్క క్షణం వాళ్ళకి దొరికిందంటే తర్వాత వచ్చే నలభై నిమిషాల నెమ్మది వాళ్ళే భరిస్తారు, ఎందుకంటే చిన్నచిన్నవి గమనిస్తే ఫలితం ఉంటుందని వాళ్ళకి ఆ పది నిమిషాల్లోనే తెలిసిపోయింది. అందుకే లేటుగా వచ్చేవాళ్ళని టైటిల్స్ తర్వాత లోపలికి పంపడం కాదు, అసలు షోనే పావుగంట ఆలస్యంగా మొదలుపెట్టు, మన ట్రాఫిక్ తెలుసు కదా, మొదలయ్యాక మాత్రం తలుపు వేసెయ్.

స్పీచ్ వద్దు. నియో నాయిర్ అంటే ఏంటో చెప్పాలనిపిస్తే రెండు వాక్యాల్లో ముగించు. నలభైలలో అమెరికాలో వచ్చిన బ్లాక్ అండ్ వైట్ క్రైమ్ సినిమాలకి ఫ్రెంచ్ విమర్శకులు ఆ నాయిర్ అనే పేరు పెట్టారు, చీకటి, నీడలు, పూర్తిగా మంచివాడు కాని హీరో, మంచిగా ముగియని కథ, వాటినే రంగుల్లో మళ్ళీ తీస్తే ఇది. చాలు. నువ్వు పావుగంట మాట్లాడితే జనం పరీక్షకి వచ్చినట్టు కూర్చుంటారు, తర్వాత నచ్చకపోయినా చెప్పడానికి భయపడతారు.

ఇక గది. ఇందులో తేడా వస్తే సినిమా సగం చచ్చిపోతుంది కాబట్టి ఓపిగ్గా చదువు. రెఫ్న్‌కి రంగుల చూపులో లోపం ఉంది, మధ్య రకం రంగులు సరిగ్గా కనపడవని ఆయనే చెప్పుకున్నాడు, అందుకే ఆయన సినిమాలు అంత గాఢమైన కాంట్రాస్ట్‌లో ఉంటాయి, ఒకపక్క నారింజ వెలుగు ఇంకోపక్క నీలం, మధ్యలో నల్లటి చీకటి. మీ క్లబ్‌హౌస్‌కి రెండువైపులా అద్దాలు కదా, సాయంత్రం ఆరుకి వేస్తే ఆ చీకటి అంతా బూడిద రంగు అవుతుంది, మొహాలు తప్ప ఏమీ కనపడవు, అప్పుడు ఎవరైనా బోర్ అంటే తప్పు వాళ్ళది కాదు. రాత్రి ఎనిమిదిన్నర తర్వాతే వెయ్యి, నల్ల గుడ్డలు కట్టు, ఏసీ డిస్‌ప్లే లైటు కూడా కప్పు. ప్రొజెక్టర్‌లో వివిడ్ మోడ్ తీసెయ్, కదలికని స్మూత్ చేసే ఆప్షన్ ఉంటే ఆపు, లేకపోతే సీరియల్ చూసినట్టుంటుంది. సౌండ్ విషయం ఇంకా ముఖ్యం. వాళ్ళు చాలా మెల్లగా మాట్లాడతారు, నువ్వు వినపడట్లేదని వాల్యూమ్ పెంచుతావు, కాసేపటికి మోటెల్లో షాట్‌గన్ పేలుతుంది, పై ఫ్లోర్ వాళ్ళు లేచి వచ్చి లొల్లి చేస్తారు. ముందురోజే ఆ షాట్‌గన్ సీన్ పెట్టి వాల్యూమ్ అక్కడ సెట్ చేసుకో, మాటలకి ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్ వెయ్యి.

ఇంటర్వెల్ ఇవ్వకు. ఇదొక్కటి మాత్రం నా మాట విను. సినిమా మొత్తం 100 నిమిషాలే. మనకి ఇంటర్వెల్ అలవాటు, ఇంటర్వెల్ బ్యాంగ్ కోసం ఎదురుచూస్తాం, ఈ సినిమాలో ఆ బ్యాంగ్ పడే చోటు కూడా ఉంది, తాకట్టు కొట్టు దోపిడీ చెడిపోయి ఆ అమ్మాయి భర్త ఆ గుమ్మం దగ్గరే చచ్చిపోతాడు చూడు, అక్కడ ఆపుదామని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ అక్కడ ఆపి సమోసాలు తినొస్తే, అప్పటిదాకా మెత్తగా నడిచిన సినిమా ఒక్కసారిగా అలా మారిపోవడం అనేది సెకండాఫ్ కింద సర్దుకుపోతుంది. మధ్యలో తేరుకునే టైమ్ లేకుండా మారిపోవాలి, హీరోకి కూడా ఆ టైమ్ ఉండదు. టీ సినిమా అయ్యాకే.

లిఫ్ట్ సీన్ గురించి నీకు కొంచెం ముందే చెప్పి ఉంచాలి, ఎందుకంటే ఎవరైనా లేచి వెళ్ళిపోయేది అక్కడే. హీరో, ఆ అమ్మాయి, ఇంకో మనిషి లిఫ్ట్‌లో ఉంటారు, ఆ మనిషి కోటు లోపల తుపాకీ ఉందని హీరో చూస్తాడు. అప్పుడు అమ్మాయిని మెల్లగా వెనక్కి జరుపుతాడు, లైటు తగ్గిపోతుంది, నిజం లిఫ్ట్‌లో అలా తగ్గదు, టైమ్ సాగిపోతుంది, ముద్దు పెడతాడు. మరుక్షణం లైటు మామూలుగా వచ్చేస్తుంది, ఆ మనిషి తల కాలితో తొక్కి తొక్కి పగలగొడతాడు. ఆ అమ్మాయి బయటికి నడిచి పార్కింగ్‌లో నిలబడి వెనక్కి తిరిగి చూస్తుంది. అతను ఊపిరి తీసుకుంటూ తిరుగుతాడు, జాకెట్ వీపు మీద తేలు బొమ్మ, తలుపు మూసుకుంటుంది. ఆ అమ్మాయిగా వేసిన కేరీ మలిగన్ ఆ చూపులో ఏమీ పెద్దగా చెయ్యదు, అయినా అతనెవరో ఆ అమ్మాయికి అప్పుడే తెలిసిందని మనకి తెలుస్తుంది. ఇన్నిసార్లు చూశాను, ఇప్పటికీ ఆ చూపు దగ్గర నాకు గొంతు పట్టేస్తుంది. ఎవరైనా లేచి వెళ్తే ఆపకు, బయట మంచినీళ్ళు పెట్టి ఉంచు, తర్వాత పలకరించు. తట్టుకోలేకపోవడం తప్పు కాదు, నిజానికి ఆ సీన్ చూసి ఏమీ కాకుండా కూర్చున్నవాళ్ళ గురించే నాకు ఎక్కువ ఆలోచన.

అయిపోయాక ట్యూబ్‌లైట్ వెంటనే వెయ్యకు, పాట అయ్యేవరకు ఉండనీ. ముందు నువ్వు మాట్లాడకు. నచ్చినవాళ్ళని ముందు అడిగితే వాళ్ళు మాస్టర్‌పీస్ అంటారు, ఇక మిగతావాళ్ళు నోరు మూసుకుంటారు, కాబట్టి నచ్చనివాళ్ళని ముందు అడుగు. స్లో అన్నారనుకో, వీళ్ళకి సినిమా రాదు అని ఆ మొహం పెట్టకు, నువ్వు ఆ మొహం పెడతావు నాకు తెలుసు. ఏ సీన్‌లో స్లో అనిపించింది, అప్పుడు తెర మీద ఏముంది అని అడుగు. నూటికి తొంభైమంది కారిడార్ సీన్లు, వాళ్ళిద్దరూ ఊరికే చూసుకునే సీన్లు చెప్తారు. అతను మాట్లాడి ఉంటే ఏం మాట్లాడేవాడు అని అడుగు, అక్కడినుంచి మాటలు వాటంతటవే వస్తాయి. స్టైల్ తప్ప లోపల ఏం లేదు అని ఒకళ్ళు కచ్చితంగా అంటారు, గులాబీ రంగు టైటిల్స్, సింథ్ మ్యూజిక్, పళ్ళ మధ్య టూత్‌పిక్, అంతేనా అని. నిజాయితీ ఉన్న మాట అది, కొట్టిపారేయకు. ఆడవాళ్ళు ఇంకోటి అంటారు, ఆ అమ్మాయికి సొంత జీవితం ఏముంది, ఆవిడ ఏం చేస్తుంది, ఏం కోరుకుంటుంది, ఎందుకు ఎప్పుడూ చూస్తూనే ఉంటుంది అని. దానికి నా దగ్గర జవాబు లేదు, ఎందుకంటే వాళ్ళు అన్నది నిజం, మలిగన్ లేకపోతే ఆ పాత్ర పేపర్ మీద చాలా పలచన. ఇంత ఇష్టమైన సినిమాలో కూడా ఇది లోపమే, లోపమని నువ్వే ఒప్పుకో, అప్పుడు నీ మాటకి విలువ పెరుగుతుంది.

కుర్రాళ్ళ గురించి జాగ్రత్త. మాట్లాడకుండా ఒంటరిగా తిరిగే ఆ హీరో, అదే రయాన్ గోస్లింగ్ బొమ్మ పెట్టుకుని ఇది నేనే అని స్టేటస్‌లు పెట్టే పిల్లలు మీ బ్లాక్‌లోనే ఉంటారు. వాళ్ళని ఎగతాళి చెయ్యొద్దు, వాళ్ళలో చాలామంది నిజంగానే ఒంటరిగా ఉన్నారు. జాకెట్ గురించి అడుగు. మొదట్లో తెల్లగా మెరుస్తూ ఉంటుంది, తర్వాత రక్తం పడుతుంది, అతను దాన్ని మార్చడు, అదే జాకెట్‌తో ఊరంతా తిరుగుతాడు, చివరికి ఎలా తయారైందో గమనించారా అని అడుగు. ఆ జాకెట్ కొనుక్కోవాలనుకున్న పిల్లాడు ఆ ప్రశ్నకి ఒక నిమిషం ఆగుతాడు. అంతకుమించి క్లాస్ పీకకు. చివర్లో బతికాడా చచ్చాడా అని పెద్ద గొడవ అవుతుంది, అవనీ, నువ్వు తీర్పు చెప్పొద్దు.

మనవాళ్ళకి ఇలాంటివి ఎక్కవు అని మీ అసోసియేషన్ పెద్దాయన అన్నాడటగా. 1989లో శివ వచ్చినప్పుడు హైదరాబాద్ ఏం చేసిందో ఆయనకి గుర్తు చెయ్యి. సైకిల్ చెయిన్ గురించే అందరూ చెప్తారు, కానీ అందులో రామ్‌గోపాల్ వర్మ నడుస్తూ తీసినా కుదుపు రాని స్టెడీక్యామ్ పెట్టి కెమెరాని మనుషుల వెనకాల నడిపించాడు, ఫైట్‌లో మ్యూజిక్ ఆపేసి అడుగుల చప్పుడు, ఊపిరి వినిపించాడు, జనం ఊపిరి బిగబట్టి చూశారు. 2005లో అనుకోకుండా ఒకరోజు వస్తే అదీ చూశారు. మనవాళ్ళకి మౌనం పడదు అనేది అబద్ధం, మౌనంలో ఏదో జరుగుతోందని నమ్మకం కలిగిస్తే చాలు. నా మాట వింటే రెండో నెల శివ వెయ్యి. డ్రైవ్ చూసిన కళ్ళతో చూస్తే ఆ ఫైట్లు కొత్తగా కనపడతాయి, డ్రైవ్‌కి రానివాళ్ళు కూడా వస్తారు.

మెసేజ్ మళ్ళీ రాశాక గ్రూప్‌లో పెట్టకముందు నాకు పంపు, రాత్రి పదింటిదాకా మేలుకునే ఉంటాను. షాట్‌గన్ టెస్ట్ చేసేరోజు కూడా చెప్పు, నేను వచ్చి వెనక వరసలో కూర్చుని మాటలు వినపడుతున్నాయో లేదో చూస్తాను.

పెద్దమ్మ