రెండు పళ్ళ పందెంలో నాలుగు పళ్ళ గుర్రం

చిరంజీవికి ఆశీస్సులు.

ఇంగ్లండులో ఏటా జరిగే గుర్రప్పందెం ఎప్సమ్ డెర్బీ మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. 1780 నాటి మొదటి పందెంలో గెలిచిన గుర్రం డయోమెడ్ "టాటెన్‌హామ్ మలుపు తిరిగి వాయువేగంతో దూసుకొచ్చింది" అని రాశావు. ఆ వాక్యం దగ్గరే ఒళ్ళు మండింది. ఆ మే 4న గుర్రాలు పరుగెత్తింది ఒక్క మైలే. దూరాన్ని మైలున్నరకు పెంచి, ఆ మలుపును పందెంలోకి తెచ్చింది 1784లో. లేని మలుపును డయోమెడ్ చేత తిప్పించావు!

డెర్బీ ప్రభువూ, డయోమెడ్ యజమాని బన్‌బరీ కలిసి నాణెం ఎగరేసి పందేనికి పేరు పెట్టిన ముచ్చటకు పేజీన్నర ఖర్చుపెట్టావు. అది ప్రచారంలో ఉన్న కథ అని ఒక్క ముక్క చెప్పి వదిలెయ్యి. పందెం చరిత్ర రాసేవాడు ముందు నేల రాయాలి. తరువాత గుర్రం. రాజులూ ప్రభువులూ ఆ తరువాతే. ఇందులో నేను ఎవరితోనూ రాజీ పడను.

ఎప్సమ్ ట్రాక్ లాడం ఆకారంలో ఉంటుంది. పన్నెండు ఫర్లాంగుల (మైలుకు ఎనిమిది) ఆరు గజాలు, అంటే 2,420 మీటర్లు. బయల్దేరింది మొదలు సుమారు 40 మీటర్ల ఎత్తు ఎక్కాలి. అక్కడ తొందరపడ్డ జాకీకి చివర్లో గుర్రంలో సత్తువ మిగలదు. మిట్ట మీద నుంచి ఎడమకు తిరుగుతూ దిగాలి, ఆ దిగుడులోనే టాటెన్‌హామ్ మలుపు. పొడుగాటి అంగలు వేసే గుర్రానికి అక్కడ కాళ్ళు కుదరవు, బరువంతా ముందుకాళ్ళ మీద పడి తూలుతుంది. మలుపు దాటాక మూడున్నర ఫర్లాంగులు తిన్నని దారే గానీ అదీ సమంగా ఉండదు: స్టాండ్ల వైపు ఎత్తు, అవతలి కంచె వైపు పల్లం. అలిసిన గుర్రం పల్లంలోకి జారి పక్కదానికి అడ్డం పడుతుంది. ఆఖరి వంద గజాలు మళ్ళీ ఎగువ. జాకీ లెస్టర్ పిగట్ 1954 నుంచి 1983 దాకా ఇక్కడ తొమ్మిదిసార్లు గెలిచాడని రాశావు, సంతోషం. ఆ దిగుడులో గుర్రాన్ని ఎలా నిలబెట్టాలో తెలిసినవాడని ఎందుకు రాయలేదు? 1981లో పది లెంగ్తుల (పది గుర్రాల పొడవు) తేడాతో గెలిచిన గుర్రం షెర్గార్‌కూ అదే అన్యాయం. 1983లో దాన్ని ఎత్తుకుపోయిన సంగతికి మాత్రం మూడు పేరాలు!

1913 సంగతి. ఆడవాళ్ళ ఓటు హక్కు కోసం పోరాడిన ఎమిలీ డేవిసన్ "గెలవబోతున్న రాజుగారి గుర్రానికి" అడ్డం వెళ్ళలేదు. ఐదవ జార్జి గుర్రం ఆన్మర్ చివరి మూడింటిలో ఉంది. ముందు గుంపు దాటిపోయాక ఆమె కంచె కింద నుంచి దూరి వచ్చింది. చోటు మళ్ళీ అదే టాటెన్‌హామ్ మలుపు. దిగువకు వస్తున్న గుర్రాన్ని అక్కడ ఆపడం ఎవరి తరమూ కాదు. నాలుగు రోజులకు, జూన్ 8న, చనిపోయింది. జాకీ హెర్బర్ట్ జోన్స్ పడిపోయాక ఆన్మర్ లేచి ఒంటరిగా పందెం ముగించిందని నువ్వు రాసిన రెండు వాక్యాలు బాగున్నాయి. అదే రోజు మొదట వచ్చిన క్రాగనూర్‌ను అనర్హం చేసి, గెలిస్తే ఒకటికి నూరు ఇస్తామని బుకీలు ధర కట్టిన అబోయర్‌కు డెర్బీ ఇచ్చారు. అది వదిలేశావు.

ఈ వాయువేగాలు నీకు ఎక్కడ అంటుకున్నాయో తెలుసు. మన వారపత్రికల సంపాదకులకు గుర్రమంటే జూదం, కాదంటే రాజుగారి ఫొటో. ఫర్లాంగుల లెక్క కనబడితే చాలు, కత్తెర తీస్తారు. కొట్టేసిన చోట "మెరుపులా" అని తామే చేర్చే మహానుభావులూ ఉన్నారు. వాళ్ళ కోసం రాయకు.

1844 గురించి "పెద్ద మోసం జరిగింది" అని తేల్చేశావు. ఏం మోసం? డెర్బీ మూడేళ్ళ గుర్రాలకే. మొదట వచ్చిన రన్నింగ్ రీన్ నిజానికి మకాబియస్ అనే నాలుగేళ్ళ గుర్రం. గుర్రానికి రెండున్నరేళ్ళకు దవడ నడిమి పాలపళ్ళు రెండూ ఊడి పెద్దపళ్ళు వస్తాయి, మూడున్నరకు వాటి పక్కవి, నాలుగున్నరకు కొసవి. అంటే మే నెల పందెం నాటికి మూడేళ్ళది రెండు పళ్ళది, నాలుగేళ్ళది నాలుగు పళ్ళది. బండలాగుడు పందేలు ఎరిగిన పాఠకుడికి ఇక విప్పి చెప్పక్కర్లేదు, రెండు పళ్ళ విభాగంలో నాలుగు పళ్ళ గిత్తను కట్టారన్నమాట! ఆ వయసులో ఏడాది తేడా అంటే ఎముకలో, కండలో, దమ్ములో తేడా. గుర్రప్పందేల పెద్ద లార్డ్ జార్జ్ బెంటింక్ కూపీ లాగాడు. రెండోదిగా వచ్చిన ఓర్లాండో యజమాని కల్నల్ పీల్ మీద రన్నింగ్ రీన్ యజమాని వేసిన దావా నడిచింది. జడ్జి ఆల్డర్సన్ గుర్రాన్ని తెచ్చి చూపించమన్నాడు. గుర్రం మాయం! దావా వీగిపోయి డెర్బీ ఓర్లాండోకు దక్కింది. అదే పందెంలో కాలు విరిగితే కాల్చేసిన లియాండర్ దవడ పరీక్షిస్తే దానివీ నాలుగేళ్ళ పళ్ళే. ఆ లియాండర్ పేరే నీ వ్యాసంలో లేదు.

"ఏటా ఎప్సమ్‌లోనే" అన్న మాట కొట్టెయ్యి. ప్రపంచ యుద్ధాల కాలంలో, 1915–18లోనూ 1940–45లోనూ, పందెం న్యూమార్కెట్ అనే వేరే మైదానంలో జరిగింది. ఆ ఏళ్ళ టైములను వర్క్‌ఫోర్స్ అనే గుర్రం 2010లో ఎప్సమ్‌లో చేసిన 2 నిమిషాల 31.33 సెకన్ల పక్కన పెట్టి పట్టిక వేశావు. ఆ ఎక్కుడూ దిగుడూ లేని చోట తీసిన టైము దీనితో ఎలా పోలుస్తావు? పట్టిక తీసెయ్యి. ముందు 1844 భాగం తిరగరాసి పంపు. ఏ పత్రికకు పంపాలన్నది అప్పుడు చూద్దాం.

శుభాశీస్సులతో.