పదకొండో తరగతిలో భూగోళశాస్త్రం: భారతదేశ పటాన్ని ఎలా చదవాలి?

ప్రశ్న: మా అమ్మాయి సీబీఎస్‌ఈలో పదో తరగతి పూర్తిచేసింది. పదకొండులో భూగోళశాస్త్రం తీసుకుంటానంటోంది. భారతదేశ పాఠాలన్నీ బట్టీ పట్టినా మ్యాప్ పాయింటింగ్‌లో మార్కులు పోతున్నాయి. ఎలా చదివించాలి? ఈ సబ్జెక్టుతో ఉద్యోగాలు వస్తాయా?

జవాబు: మార్కులు పోతున్నది ఆ బట్టీ వల్లేనండి. నదులు ఒక జాబితా, నేలలు ఒక జాబితా, పంటలు మరో జాబితాగా గుర్తుపెట్టుకుంటే పరీక్ష హాల్లో అన్నీ కలగాపులగం అవుతాయి. ఒకదానివల్ల మరొకటి ఎలా వచ్చిందో తెలిస్తే మరిచిపోయినదాన్ని కూడా ఆలోచించి రాబట్టుకోవచ్చు.

దక్కన్ పీఠభూమినే చూడండి. పడమర ఎత్తు, తూర్పుకు వాలు. అందుకే గోదావరి అరేబియా సముద్రానికి అంత దగ్గర్లో, నాసిక్ వద్ద పుట్టి కూడా 1,465 కిలోమీటర్లు ప్రయాణించి బంగాళాఖాతంలో కలుస్తుంది. నర్మద, తపతి మాత్రం పగులు లోయల్లో (నేల పగిలి కుంగిన పల్లాల్లో) పడమరకు పారతాయి. చాలామంది పిల్లలు పటంలో వీటి దిశను తిప్పి గీస్తారు. ఇక నైరుతి రుతుపవనాలు పడమటి కనుమలకు తగిలి పడమర వైపే వర్షాన్ని కుమ్మరిస్తాయి. కనుమలు దాటి కిందికి దిగే గాలి వేడెక్కి పొడిబారుతుంది కాబట్టి తూర్పు వైపు వర్షచ్ఛాయా ప్రాంతం, అంటే వాన తక్కువ పడే ప్రాంతం ఏర్పడింది. ఆ పీఠభూమిలోనే, మహారాష్ట్రలో లావా రాయి శిథిలమై నల్లరేగడి అయింది. అది తేమను పట్టి ఉంచుతుంది, అందుకే అక్కడ పత్తి పండుతుంది. ఇక్కడి నుంచి మానవ భూగోళం మొదలవుతుంది: పత్తి, దాని వెంట మిల్లులు, వాటి వెంట పట్టణాలు. 2011 జనాభా లెక్కల్లో బీహార్ జనసాంద్రత చదరపు కిలోమీటరుకు 1,100కు పైగా ఉంటే అరుణాచల్‌ప్రదేశ్‌లో 17 మాత్రమే. ఈ తేడాకు జవాబు ఒకచోట గంగా మైదానపు ఒండ్రు నేల, మరోచోట కొండలు, అడవులు.

ఈ వరసను చేత్తో గీయించండి. ఖాళీ అవుట్‌లైన్ మ్యాప్ మీద ముందు కర్కటరేఖ (23°30'), తర్వాత 82°30' తూర్పు రేఖాంశం గీయాలి. ఈ రెండూ ఛత్తీస్‌గఢ్ ఉత్తర భాగంలో కలుస్తాయి. ఆ బిందువు తెలిస్తే మిగతా గుర్తులు అడ్డదిడ్డంగా పడవు. కర్కటరేఖ గుజరాత్ నుంచి మిజోరాం దాకా 8 రాష్ట్రాల గుండా పోతుంది. ఒడిశా వాటిలో లేదు, అక్కడే ఎక్కువమంది తడబడతారు. తర్వాత అదే స్కేలులో ట్రేసింగ్ పేపర్ల మీద విడివిడిగా పర్వతాలు–నదులు, వర్షపాతం, నేలలు–పంటలు, జనసాంద్రత గీసి ఒకదానిమీద ఒకటి పరచాలి. జనసాంద్రతకు లేత నుంచి ముదురుకు 5 ఛాయలు చాలు. ఆ ఛాయలతో మొత్తం జనాభాను చూపకూడదు. అలా చూపితే విస్తీర్ణం పెద్దదైన రాష్ట్రం కిక్కిరిసినట్టు కనిపిస్తుంది.

పాత పటాలు వాడనివ్వకండి. 2014లో తెలంగాణ ఏర్పడింది, 2019లో జమ్మూకశ్మీర్, లద్దాఖ్ వేర్వేరు కేంద్రపాలిత ప్రాంతాలయ్యాయి. ఇప్పుడు 28 రాష్ట్రాలు, 8 కేంద్రపాలిత ప్రాంతాలు.

సీబీఎస్‌ఈలో థియరీకి 70, ప్రాక్టికల్‌కు 30 మార్కులు. ప్రాక్టికల్స్‌ను చివరి నెలకు వదిలేయడం పెద్ద పొరపాటు. 1:50,000 స్కేలు టోపోషీటులో (నేల ఎత్తుపల్లాలను వివరంగా చూపే పటంలో) 1 సెంటీమీటరు అంటే నేలమీద 500 మీటర్లు. కాంటూరు రేఖలు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు) దగ్గరగా ఉంటే నిటారు వాలు. లోయలో రేఖల 'వి' మొన ఎగువకు చూస్తుంది, గుట్ట నుంచి ముందుకు పొడుచుకొచ్చిన భాగంలో దిగువకు చూస్తుంది. ఈ ఒక్క తేడా పట్టుబడడానికి చాలాసార్లు గీయాలి.

ఉద్యోగాల మాటకొస్తే, సివిల్స్‌లో జనరల్ స్టడీస్‌కు ఉపయోగపడుతుంది, ఆప్షనల్‌గానూ తీసుకోవచ్చు. బోధన ఎలాగూ ఉంది. నా దృష్టిలో గట్టి దారి జీఐఎస్ (కంప్యూటర్‌లో పటాలు, స్థల సమాచారాన్ని విశ్లేషించే పద్ధతి), రిమోట్ సెన్సింగ్ (ఉపగ్రహాల వంటి వాటితో దూరం నుంచి నేల సమాచారం సేకరించడం). డిగ్రీలో భూగోళశాస్త్రం చదివి, పీజీలో ఈ రెండూ నేర్పే జియోఇన్ఫర్మేటిక్స్ తీసుకోవచ్చు. ఇస్రో సంస్థల్లో డెహ్రాడూన్‌లోని ఐఐఆర్ఎస్ శిక్షణలు ఇస్తుంది, హైదరాబాద్‌లోని ఎన్‌ఆర్‌ఎస్‌సీ ఉపగ్రహ సమాచారంతో పనిచేస్తుంది. క్యూజీఐఎస్ జీఐఎస్ పనికి వాడే ఉచిత సాఫ్ట్‌వేర్, పదకొండులోనే మొదలుపెట్టవచ్చు. భూగర్భశాస్త్రం మాత్రం వేరు. జియాలజిస్టు ఉద్యోగాలకు ఈ డిగ్రీ పనికిరాదు.

ఒక జాగ్రత్త: గణితాన్ని వదలనివ్వకండి. జేఈఈ మెయిన్ ద్వారా బి.ప్లానింగ్‌లో (పట్టణ ప్రణాళిక డిగ్రీలో) చేరాలంటే పన్నెండులో గణితం ఉండాలి; జీఐఎస్‌లో గణాంకాలు, కోడింగ్ ప్రతిరోజూ ఎదురవుతాయి. స్కూల్లో భూగోళంతో గణితం కలిపి ఇస్తున్నారో లేదో చేరకముందే అడగండి. ఇవ్వకపోతే ఆ కాంబినేషన్ ఉన్న మరో స్కూలు వెతకడం మేలు.