మీ మిద్దె తోటకు కావాల్సింది హ్యూమిక్ కాదమ్మా, మంచి నీళ్లు

ప్రశ్న: మాది తిరుపతి. మిద్దె మీద 24 గ్రోబ్యాగుల్లో టమాట, వంగ, మిరప, బీన్స్ పెట్టాము. సంచి అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. సంక్రాంతి అయ్యాక నాటినవి. నెల తిరిగేసరికి చిగురాకులు పసుపు తిరిగాయి, ఈనెలు మాత్రం పచ్చగా ఉన్నాయి. బీన్స్ ఆకుల అంచులు కాలినట్టు ఎండుతున్నాయి. మట్టిమీద సున్నం పూసినట్టు తెల్లగా కడుతోంది. మట్టిలో సారం లేదని మందుల అంగడిలో 12 శాతం హ్యూమిక్ యాసిడ్ (మాగిన ఎరువుల్లో ఉండే నల్లటి పదార్థం) ద్రావణం ఇచ్చారు. లీటరుకు 10 మి.లీ. కలిపి, సంచికి లీటరు చొప్పున అయిదు రోజులకోసారి ఇప్పటికి పన్నెండు సార్లు పోశాము. డబ్బా అడుగున నల్లటి తరకలు మిగులుతున్నాయి. గుణం లేదు. నీళ్లు వృథా కాకూడదని ఆర్వో మిషన్ వదిలే నీళ్లే సంచికి రోజూ లీటరున్నర పోస్తున్నాము, చాలకపోతే బోరు నీళ్లు. బోరు నీళ్లకు టీడీఎస్ మీటరు (నీటిలో కరిగిన ఉప్పును కొలిచేది) 1100 పీపీఎం, అంటే లీటరుకు 1100 మి.గ్రా., చూపిస్తుంది. మిద్దె తడవకుండా సంచుల కింద ప్లేట్లు పెట్టాము. హ్యూమిక్ మోతాదు పెంచమంటారా? కంపోస్టు నుంచి ఇంట్లోనే తయారు చేసుకోవచ్చా?

జవాబు: పెంచొద్దమ్మా. ఈరోజుతో ఆపేయండి. మీ మట్టిలో సారం తక్కువై కాదు, ఉప్పు ఎక్కువై మొక్కలు ఇలా అయ్యాయి. ఆ ఉప్పును రోజూ పోస్తున్నది ఆర్వో మిషన్ నీళ్లే.

లెక్క చూడండి. మిషన్‌లోకి మూడు లీటర్ల బోరు నీళ్లు పోతే ఒక లీటరు మంచినీళ్లుగా, రెండు లీటర్లు పక్క గొట్టంలో బయటికి వస్తాయనుకుందాం. మూడు లీటర్లలోని ఉప్పు దాదాపు అంతా ఆ రెండు లీటర్లలోనే ఉంటుంది. 1100 ఉన్న బోరు నీరు అక్కడ 1650 అవుతుంది. అంటే లీటరుకు 1.65 గ్రాముల ఉప్పు. మందు పోసిన ఈ 60 రోజులే తీసుకున్నా, రోజుకు లీటరున్నర చొప్పున 90 లీటర్లు పోశారు. అన్నీ ఆర్వో నీళ్లే అయితే సంచికి సుమారు 150 గ్రాములు, అన్నీ బోరు నీళ్లే అయినా 100 గ్రాములు. కింద ప్లేటు ఉంది కాబట్టి కారిన నీటినే మట్టి మళ్లీ పీల్చుకుంటుంది. నీరు ఎండకు ఆవిరైపోయి ఉప్పు మిగిలిపోతుంది. మట్టిమీద తెల్లగా కట్టింది అదే.

బీన్స్ ముందు మాడటానికీ కారణం ఇదే. సాగునీటి ఈసీ (నీటిలోని ఉప్పును విద్యుత్ ప్రసరణతో కొలిచే అంకె, డెసీసీమెన్స్/మీటరులో) 0.7 దాటితే బీన్స్‌కు, 1.0 దాటితే మిరపకు దిగుబడి తగ్గడం మొదలవుతుంది. టమాట 1.7 దాకా ఓర్చుకుంటుంది. టీడీఎస్‌ను 640తో భాగిస్తే ఈసీ వస్తుంది. మీ బోరు నీరు 1.7, ఆర్వో వదిలే నీరు 2.6. ఆ నీళ్లతో గిన్నెలు తోమండి, మరుగుదొడ్డికి వాడండి, కుండీల దగ్గరికి మాత్రం తేవద్దు.

చిగురాకులు పసుపై ఈనెలు పచ్చగా ఉండటం ఇనుము లోపం. మట్టిలో ఇనుము లేక కాదు. బోరు నీటిలోని బైకార్బనేట్లనే లవణాలు మట్టి పీహెచ్‌ను (పులుపు, క్షార గుణాల కొలతను) పెంచేసరికి ఉన్న ఇనుము వేరుకు అందకుండా పోతోంది. దానికి తోడు మీకిచ్చిన ద్రావణం పొటాషియం హ్యూమేట్ (హ్యూమిక్‌ను పొటాషియం క్షారంలో కరిగించినది) అయితే అది క్షారమే, పీహెచ్‌ను ఇంకాస్త పైకి నెడుతుంది. డబ్బా అడుగున నల్లటి తరకలు చూశారు కదా, అది మందు పాతదై కాదు. కాఠిన్యం ఉన్న నీటిలోని కాల్షియం, మెగ్నీషియం హ్యూమిక్‌ను పట్టుకుని విరగ్గొట్టేశాయి, పాలలో నిమ్మరసం పిండినట్టు. మీరు పెట్టిన డబ్బు కొంత ఆ తరకల్లోనే పోయింది.

ఇక మోతాదు సంగతి. 12 శాతం ద్రావణం 10 మి.లీ.లో 1.2 గ్రాముల హ్యూమిక్ ఉంటుంది. పన్నెండు సార్లకు 14.4 గ్రాములు. సంచిలో పొడి మట్టి 10 కిలోలు అనుకుంటే కిలోకు 1440 మి.గ్రా. వర్మికంపోస్టు నుంచి తీసిన హ్యూమిక్ ఆమ్లాలను ఒహాయో స్టేట్ యూనివర్సిటీ శాస్త్రవేత్తలు కుండీల్లో టమాట, దోస నారుపై పరీక్షించి 2002లో ఫలితాలు ప్రచురించారు. కిలో మిశ్రమానికి 50 నుంచి 500 మి.గ్రా. వరకు మొక్క బాగా పెరిగింది. 500–1000 దాటాక చాలాసార్లు పెరుగుదల తగ్గింది. మీరు పోసినదాంట్లో కొంత తరకలైపోయినా, ఆ హద్దు మీద ఉన్నారు. తక్కువ మోతాదులో పిల్ల వేళ్లను పుట్టించే పదార్థమే ఎక్కువైతే ఎదురు తిరుగుతుంది. నీళ్లు ఏవని అడగకుండా, మట్టి చూడకుండా అయిదు రోజులకోసారి పోయమని సీసా అమ్మడం సలహా కాదు, వ్యాపారం. ఈ సీసా మీద పెట్టినదాంట్లో కొంత పెడితే నీటి పరీక్ష, మట్టి పరీక్ష రెండూ అయిపోయేవి.

ఇప్పుడు చేయాల్సింది. ప్లేట్లు తీసేసి సంచులను ఇటుకల మీద పెట్టండి. అడుగున నాలుగైదు రంధ్రాలు తెరిచి ఉన్నాయో లేదో పుల్లతో పొడిచి చూడండి. పైన కట్టిన తెల్లటి పొరను రెండు సెంటీమీటర్ల మట్టితో సహా గీకి పారేయండి. నీళ్లు పోసి దాన్ని లోపలికి కరిగిస్తే మళ్లీ మొదటికే వస్తారు. తర్వాత కార్పొరేషన్ కుళాయి నీళ్లతో సంచికి 40 లీటర్లు, అంటే సంచి పరిమాణానికి రెండింతలు, గంట గంట విరామంతో నాలుగు విడతలుగా నెమ్మదిగా పోసి కిందికి కారనివ్వండి. రోజుకు నాలుగు సంచుల చొప్పున ఆరు రోజుల పని. చివర్లో కారే నీటిని గ్లాసులో పట్టి మీటరు పెట్టండి. పోసిన నీటికన్నా 300–400 పీపీఎం మించి ఉంటే మరో 10 లీటర్లు పోయండి. కుళాయి నీరు దొరకని రోజు బోరు నీటితో కడగొచ్చు, లోపలున్న ఉప్పుకన్నా అది నయమే. ఆర్వో వదిలే నీరు మాత్రం వద్దు.

కడిగితే నత్రజని కూడా పోతుంది. మూడు రోజులాగి 19:19:19 ఎరువు (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండేది) లీటరుకు 3 గ్రాములు కలిపి సంచికి అర లీటరు పోయండి. పసుపు ఆకులకు లీటరు నీటికి అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) 3 గ్రాములు, నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) 1 గ్రాము కలిపి, సాయంత్రం ఎండ తగ్గాక పిచికారీ చేయండి. ముందు నిమ్మ ఉప్పు కరిగాకే అన్నభేది వేయాలి. పది రోజులకు మరోసారి. వేరుశనగకు చెప్పే 5 గ్రాముల మోతాదును ఈ ఎండల్లో లేత కూరగాయలకు వాడితే ఆకు మాడుతుంది. ముదిరి పసుపైన ఆకు మళ్లీ పచ్చబడకపోవచ్చు. కొత్త చిగురు పచ్చగా వస్తోందా లేదా అన్నదే చూడండి.

ఇంట్లో హ్యూమిక్ తీయొచ్చా అన్నారు. తీయొచ్చు, కానీ పూర్తిగా మాగిన కంపోస్టు నుంచే. నెలన్నర వంటింటి చెత్తలో హ్యూమిక్ ఇంకా తయారై ఉండదు. తడిపిన కంపోస్టును జిప్ కవర్లో మూడు రోజులు మూసి ఉంచి తెరవండి. పుల్లటి వాసనో, అమ్మోనియా ఘాటో వస్తే అది మాగలేదు. తడి మట్టి వాసన వస్తే పనికొస్తుంది. ఉట్టి నీళ్లలో నానబెడితే ఫుల్విక్ (హ్యూమిక్ లాంటిదే, ఉట్టి నీళ్లలోనూ కరిగేది), కొన్ని పోషకాలు దిగుతాయి కానీ హ్యూమిక్ పెద్దగా దిగదు. దానికి క్షారం కావాలి. ప్లాస్టిక్ బకెట్‌లో లీటరు మంచినీళ్లు తీసుకుని 6 గ్రాముల పొటాషియం హైడ్రాక్సైడ్ పలుకులను కొద్దికొద్దిగా నీళ్లలో వేయండి. పలుకుల మీద నీళ్లు పోయకూడదు, చిమ్ముతుంది. చేతులకు రబ్బరు తొడుగులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి. అల్యూమినియం గిన్నె వద్దు, క్షారం దాన్ని తినేస్తుంది. చవకని కాస్టిక్ సోడా అసలే వద్దు, ఉన్న ఉప్పుకు సోడియం తోడవుతుంది. 100 గ్రాముల జల్లించిన పొడి కంపోస్టు కలిపి రోజంతా ఉంచండి, మధ్యలో నాలుగైదు సార్లు కలియబెట్టండి. గుడ్డలో వడకడితే చిక్కటి కాఫీ రంగు ద్రావణం వస్తుంది. అందులో నిమ్మ ఉప్పు నీళ్లు చుక్కచుక్కగా వేస్తూ పీహెచ్ కాగితం 8 చూపగానే ఆపండి. బాగా పులుపెక్కితే హ్యూమిక్ విరిగి అడుగుకు చేరుతుంది. లీటరుకు 20 లీటర్ల మంచినీళ్లు కలిపి సంచికి లీటరు పోయండి. వారంలో వాడేయాలి. చిన్నపిల్లలున్న ఇంట్లో ఈ పని పెట్టుకోవద్దు.

ఈ శ్రమంతా ఎందుకనుకుంటే సంచికి 250 గ్రాముల వర్మికంపోస్టు 20 రోజులకోసారి పై మట్టిలో కలపండి, హ్యూమిక్ అందులోనే మెల్లగా అందుతుంది. సీసా మందే మిగిలి ఉంటే కడగడం అయ్యాక నెల ఆగి, లీటరుకు 2 మి.లీ. చొప్పున, పంటకు మూడు సార్లు మించకుండా, తరకలు కట్టని నీటిలో. దానికి నిజమైన వేళ నాటే రోజు. నారు వేళ్లను ఇదే మోతాదులో పావుగంట ముంచి నాటండి.

పరీక్ష మాత్రం వాయిదా వేయొద్దు. బోరు పది నిమిషాలు నడిచాక అదే నీటితో సీసా కడిగి అర లీటరు పట్టండి. అయిదారు సంచుల్లో జానెడు లోతు మట్టి తీసి, కలిపి, నీడన ఆరబెట్టి అర కిలో కట్టండి. ఈ రెండూ దగ్గర్లోని భూసార పరీక్ష కేంద్రంలో ఇచ్చి పీహెచ్, ఈసీ, బైకార్బనేట్లు, సోడియం, నీటికి మిగులు సోడియం కార్బనేట్ (కాల్షియం, మెగ్నీషియంకు మించి మిగిలే కార్బనేట్ల లెక్క) రాయించుకోండి. మిగులు సోడియం కార్బనేట్ విలువ 2.5 దాటితే ఆ బోరు నీళ్లు కుండీలకు మానేయాల్సిందే. 1.25 లోపు ఉంటే కుళాయి నీళ్లతో సగం సగం కలిపి వాడొచ్చు, వారానికోసారి కిందికి కారేదాకా పోస్తూ.

బీన్స్ ఇక తేరుకోదు, పీకేయండి. ఆ సంచులను కడిగాక వానలు పడే దాకా బీట్‌రూట్‌ గానీ పాలకూర గానీ వేసుకోండి. ఉప్పును బీన్స్ కన్నా ఎంతో ఓర్చుకుంటాయి. అయితే ఏప్రిల్, మే ఎండకు వాటికి నీడవల కట్టాలి.