పిల్లతనమా, పసితనమా?

సందేహం: నడివయసు వచ్చినా పిల్లల కార్టూన్లే చూస్తూ, బొమ్మలు కొనుక్కుంటూ, ‘నేను పెద్దవాణ్ణి కాను’ అని మురిసిపోయేవారిని తెలుగులో ఏమనాలి? ‘పసిమనస్కులు’ అని ఈమధ్య చదివాను. ‘బాలురు’ అంటే తప్పా?

సమాధానం: ముందు ఆ ‘పసిమనస్కుల’ సంగతి. ‘పసి’ అచ్చతెలుగు, ‘మనస్కుడు’ సంస్కృతం. రెంటినీ ఇలా అతికించేవారికి సమాసమంటే జిగురుసీసా అనే అభిప్రాయం కాబోలు! పోనీ అర్థమైనా కుదిరిందా? పచ్చి, పచ్చ, పసుపు, పసిడి, పసి – అన్నీ ఒక్క ధాతువు బిడ్డలే. పసి అంటే ఇంకా పండనిది, రేపు పండబోయేది. పండననే భీష్మించుకున్నవాడికి ఆ మాట చెల్లదు.

‘బాలురు’ అనవచ్చా అన్నారు. ఇక్కడే అసలు రుచి ఉంది. బాలుడంటే వయసు తక్కువవాడనే మనకు తెలుసు. ‘అమరకోశం’ అనే సంస్కృత నిఘంటువు కూర్చిన అమరసింహుడు ‘మూర్ఖేఽర్భకేఽపి బాలః’ అని మూర్ఖుణ్ణీ పిల్లవాణ్ణీ ఒకే మాటలో కూర్చోబెట్టాడు. మనుస్మృతి ఇంకా ముందుకు వెళ్లి ‘అజ్ఞో భవతి వై బాలః’ అంది. తెలియనివాడే బాలుడు, ఎన్నేళ్లవాడైనా సరే. అక్కడే ఒక ముచ్చటైన కథ: ఆంగిరసుడనే కుర్రకవి తన పితృసమానులకు చదువు చెబుతూ వాళ్లను ‘పుత్రకా’ అన్నాడు. పెద్దలకు కోపం వచ్చి దేవతలను అడిగితే, కుర్రవాడు అన్నది న్యాయమేనని తీర్పొచ్చింది.

మన అన్నంభట్టు ‘బాలానాం సుఖబోధాయ’, అంటే బాలురకు సులువుగా తెలియడానికి, తర్కసంగ్రహం రాశాడు. ఆ బాలుడెవరయ్యా అంటే, వ్యాకరణ కావ్య కోశాలు చదివి న్యాయశాస్త్రం (లా కాదు, తర్కం) మాత్రం చదవనివాడు అన్నారు వ్యాఖ్యాతలు. ఈ లెక్కన నేటి పట్టభద్రులు బాలురు కావడానికి కూడా చాలా చదవాలి! చిన్నయసూరి ‘బాలవ్యాకరణం’ పిల్లల పుస్తకమనుకుని తెరిచినవారికి ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

అంటే బాలత్వానికి గుర్తు బొమ్మలు కావు, తెలియకపోవడం. కార్టూను చూసి నవ్వి, లేచి తన పని తాను చేసుకునేవాడికి ప్రత్యేకంగా పేరెందుకు? అది వినోదం. బాధ్యత ఎదురుపడగానే బొమ్మల చాటుకు పోయేవాడికి మాత్రం ‘బాలిశుడు’ సరిపోవచ్చు. శిశువు, అజ్ఞుడు అనే రెండర్థాలూ అమరంలోనే ఉన్నాయి. అజ్ఞుడికి అదే కోశం ఇచ్చిన మరో పేరు ‘యథాజాతుడు’. పుట్టినప్పుడు ఎలా ఉన్నాడో అలాగే ఉన్నవాడు! నాకు దీనిమీదే మోజు. అయితే వాడుకలో లేని మాట, మీ మీద రుద్దను.

మిగిలినవి: సంస్కృతంలో పిల్లవాడైన ‘అర్భకుడు’ తెలుగులో బక్కప్రాణి అయిపోయాడు. ‘చిన్నతనం’ అంటే బాల్యమూ అవుతుంది, నామోషీ కూడా అవుతుంది, జాగ్రత్త. పెద్దవాడి చేష్టలకు ‘పిల్లతనం’ నిక్షేపంలాంటి మాట. అది ఉండగా ‘చైల్డిష్‌గా బిహేవ్ చేయడం’ దేనికో. ఇంగ్లీషువాళ్లు కిడ్‌నూ అడల్ట్‌నూ అతికించిన ‘కిడల్ట్’ అనే అతుకుల మాటను తెలుగులోకి తెచ్చుకోవడం నాకు సమ్మతం కాదు. జనం నాలుక మీద నిలిచిందా, నేను వద్దంటే మాత్రం ఆగుతుందా?